మా వాడు రోకలిబండల్ని పెంచుకుంటానంటున్నాడు, ప్రమాదమా డాక్టర్ గారూ?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మేం అమెరికాలో టాంపా దగ్గర ఉంటాం. మా బాబుకి తొమ్మిదేళ్లు. క్లాస్‌లో ఫ్రెండ్ ఎవరో పెంచుతున్నాడని తనకీ రోకలిబండలు కావాలని ఒకటే గోల. కుక్కపిల్ల వద్దన్నారు కదా, కనీసం ఇదైనా కొనండి అంటాడు. వాడికి చిన్నప్పటి నుంచీ వీజింగ్ ఉంది, అప్పుడప్పుడు ఇన్‌హేలర్ వాడతాం. ఇంట్లో ఏడాదిన్నర పాప కూడా ఉంది. మా అత్తగారేమో అది జెర్రి, కరిస్తే ప్రాణం మీదకొస్తుంది అని ఇంట్లోకి రానివ్వనంటున్నారు. నిజంగా విషమేనా? తెస్తే త్వరగా చచ్చిపోకుండా ఉండే రకం ఏది? జూన్‌లో నాలుగు వారాలు ఇండియా కూడా వెళ్తున్నాం.

జవాబు: ముందు మీ అత్తగారి భయం సంగతి చూద్దాం అమ్మా. ఆవిడ భయపడేది జెర్రికి, ఆ భయం కరెక్టే. జెర్రి చదునుగా ఉంటుంది, సర్రున పరిగెడుతుంది, తల కింద విషపు కొండీలు ఉంటాయి, కరిస్తే మంట, వాపు గట్టిగానే ఉంటాయి. మీ బాబు అడిగేది అది కాదు. రోకలిబండ గుండ్రంగా ఉండి నింపాదిగా నడుస్తుంది, ఒంటి మీద దాదాపు ప్రతి కణుపుకీ రెండు జతల కాళ్లుంటాయి (జెర్రికి ఒక్క జతే), కుళ్లిన ఆకులు, పుచ్చిన చెక్క తిని బతుకుతుంది, ముట్టుకుంటే చుట్ట చుట్టుకుంటుంది. కరవదు, కుట్టదు. ఒకసారి అత్తగారికి ఫోన్‌లో రెండింటి ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూపించండి, సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

అలాగని అస్సలు ఏమీ చెయ్యదు అని చెప్పను. దాన్ని నొక్కినా, బెదరగొట్టినా ఒంటి పక్కల ఉండే సన్నటి రంధ్రాల్లోంచి పసుపు రంగు ద్రవం వదులుతుంది. పెంచుకునే రకాల్లో చాలావాటికి ఇందులో బెంజోక్వినోన్లు అనే కెమికల్స్ ఉంటాయి, ఘాటు వాసన వస్తుంది, చర్మానికి తగిలితే ముందు పసుపుగా, తర్వాత ముదురు గోధుమ రంగులోనో నల్లగానో మరక పడుతుంది. కొంచెం మంట ఉండొచ్చు, ఎక్కువసేపు అలాగే ఉండిపోతే బొబ్బలు కూడా రావొచ్చు. మన దగ్గర వానాకాలంలో కింద పడుకున్న పిల్లల ఒంటి కింద ఇది నలిగి, పొద్దున్న లేచేసరికి ఏదో కాలినట్టు మచ్చలు కనపడితే తల్లిదండ్రులు కంగారుగా తీసుకొస్తుంటారు. షూలో దూరినదాన్ని తొక్కితే కాలి వేళ్లు నల్లబడి, చూసినవాళ్లు గ్యాంగ్రీన్ (రక్తం అందక కండ కుళ్లిపోవడం) అనుకున్న కేసులు మెడికల్ జర్నల్స్‌లో ఉన్నాయి. ఆ మరక ఒక్కోసారి నెలల తరబడి ఉంటుంది, కానీ దానంతట అదే పోతుంది.

చేతికి అంటితే వెంటనే ధారగా పడే నీళ్లల్లో సబ్బుతో బాగా కడగండి, చర్మం చిట్లకుండా ఉంటే స్పిరిట్ అద్దిన దూదితో తుడిచి మళ్లీ కడిగితే ఇంకొంచెం వదులుతుంది. బొబ్బ వస్తే కాలిన గాయంలాగే చూడాలి, డాక్టర్‌కి చూపించండి. దీనికి ప్రత్యేకంగా విరుగుడు మందంటూ ఏమీ లేదు, అవసరం కూడా పడదు.

నాకు అసలు భయం కళ్ల గురించి. పిల్లలు దాన్ని పట్టుకుని అదే చేత్తో కళ్లు నలుపుకుంటారు, లేదా ముద్దుగా ఉందని మొహం దగ్గర పెట్టుకుంటారు, కొన్ని పెద్ద రకాలైతే ఆ ద్రవాన్ని దూరంగా చిమ్మగలవు కూడా. కంట్లో పడితే విపరీతమైన మంట, నీరు కారడం, కన్ను ఎర్రబడటం, ఒక్కోసారి కార్నియా (కంటి ముందుండే పారదర్శకమైన పొర) మీద పుండు కూడా పడొచ్చు. అలా అయితే కన్ను నలపనివ్వకుండా మామూలు నీళ్లతో 15, 20 నిమిషాలు ఆపకుండా కడిగి, మంట తగ్గినట్టు అనిపించినా సరే అదే రోజు కంటి డాక్టర్‌కి చూపించండి. చనుబాలు, రోజ్‌వాటర్, ఆముదం లాంటివి దయచేసి వెయ్యొద్దు, ఈ మాట అత్తగారికి కూడా వినపడేలా చెప్పండి. అమెరికాలో ఉన్నారు కాబట్టి విషాల గురించి ఫోన్‌లో సలహా ఇచ్చే పాయిజన్ కంట్రోల్ నంబర్ 1-800-222-1222 ఫ్రిజ్ మీద అతికించండి, 24 గంటలూ పనిచేస్తుంది. పాప విషయానికొస్తే ఆ వయసులో ఏది దొరికినా నోట్లోకే, కాబట్టి బాక్స్‌కి క్లిప్ మూత ఉండాలి, పాపకి అందని ఎత్తులో ఉండాలి, బాబు దాన్ని పట్టుకున్న ప్రతిసారీ చేతులు కడుక్కోవాలి.

ఇక ఏ రకం అంటే, మీరు ఫ్లోరిడాలో ఉండటం కలిసొచ్చింది, ఐవరీ మిల్లీపీడ్ అనే రకం మీ ప్రాంతానిదే. మూడు నాలుగు అంగుళాలు ఉంటుంది, లేత రంగు పట్టీలతో చూడ్డానికి బాగుంటుంది, మామూలు ఇంటి టెంపరేచర్‌లో హాయిగా బతుకుతుంది, మొదటిసారి పెంచేవాళ్లు చేసే పొరపాట్లు తట్టుకునే గట్టి పిండం. బంబుల్‌బీ అని పసుపు నలుపు చారల చిన్న రకం కూడా గట్టిదే, కరీబియన్ దీవుల నుంచి వచ్చి ఫ్లోరిడాలో పాతుకుపోయింది, కాకపోతే తెగ పిల్లల్ని పెడుతుంది, ఇంట్లో రెండు కాస్తా గంపెడు అవుతాయి. నెట్‌లో కనపడే ఆఫ్రికన్ జెయింట్ జోలికి మాత్రం పోకండి, అడుగు దాకా పెరుగుతుంది, దాంతోపాటు వచ్చే మైట్స్ (కంటికి సరిగ్గా కనపడని చిన్న పురుగులు) పంటలకి చేటేమో అని అమెరికాలోకి దిగుమతి మీద ఆంక్షలున్నాయి, పైగా పెద్దది కాబట్టి దాని దగ్గర ద్రవమూ ఎక్కువే. పెరట్లో దొరికింది కదా అని పట్టుకొచ్చేయకండి, మీ వైపు ఇళ్లకి పెస్ట్ కంట్రోల్ స్ప్రే కొట్టిస్తారు కదా, అది తగిలినదైతే నాలుగు రోజులకే పోతుంది, వాడు ఏడుస్తాడు. పెంపకంలో పుట్టినవి అమ్మేవాళ్ల దగ్గర తీసుకోండి, మీ ఇంట్లో స్ప్రే కొట్టించే రోజు బాక్స్ పక్కింట్లో పెట్టండి.

బాక్స్ అడుగున కనీసం దాని పొడవంత లోతు మట్టి ఉండాలి, అందులో స్ప్రే పడని ఓక్ ఎండుటాకులు, పుచ్చిపోయిన చెక్క కలపాలి, ఎందుకంటే అదే దాని ఇల్లూ అదే తిండీ. షాపుల్లో అమ్మే కొబ్బరి పీచు పొడి ఒక్కటే వేస్తే కడుపు నిండదు. పైన్, సీడర్ చెక్క వద్దు. కీరదోస ముక్క, ఆపిల్ తొక్క, కాల్షియం కోసం గుడ్డు పెంకుల పొడి ఇస్తే చాలు, ఖర్చు లేని వ్యవహారం. ఒక్కోసారి మట్టిలోకి వెళ్లి వారాల తరబడి బయటికి రాదు, కుబుసం విడుస్తుందన్నమాట, చచ్చిపోయిందని తవ్వితే అప్పుడు నిజంగానే చచ్చిపోతుంది.

ఇప్పుడు వీజింగ్ సంగతి. మీరు మామూలుగా రాశారు గానీ నాకైతే విషం కంటే ఇదే ముఖ్యం. తడి మట్టి, కుళ్లిన ఆకులు ఉన్నచోట బూజు ఉంటుంది, బూజు గాలిలోకి వదిలే స్పోర్స్ కొంతమంది ఆస్తమా పిల్లలకి దగ్గు, పిల్లికూతలు తెప్పిస్తాయి. బాబు బెడ్‌రూమ్‌లో బాక్స్ పెట్టొద్దు, వాడు ఎంత బతిమాలినా సరే. హాల్లో గాలి ఆడే చోట పెట్టండి, మట్టి తడిగా ఉండాలే తప్ప బురదలా ఉండకూడదు, మిగిలిన కూరగాయ ముక్కలు మర్నాడే తీసేయాలి, మట్టి కలపడం, మార్చడం లాంటి పనులు మీరో మీవారో మాస్క్ పెట్టుకుని చెయ్యండి, ఆ టైమ్‌లో వాడు వేరే గదిలో ఉండాలి. తెచ్చాక రాత్రి దగ్గు పెరిగినా, ఇన్‌హేలర్ వాడకం ఎక్కువైనా వెంటనే బాక్స్ ఇంట్లోంచి తీసేసి మీ పీడియాట్రీషియన్‌తో మాట్లాడండి. బూజుకి ఎలర్జీ ఉందని ముందే టెస్టులో తేలిన పిల్లాడైతే మాత్రం అసలు తేవొద్దనే చెప్తాను.

ఇంకో మాట, దీనికి బదులు చిన్న తాబేలు కొనిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. తాబేళ్ల వల్ల పిల్లలకి సాల్మొనెల్లా ఇన్ఫెక్షన్లు వస్తున్నాయని నాలుగు అంగుళాల లోపు డిప్ప ఉన్న తాబేళ్లని పెంపకానికి అమ్మడాన్ని 1975లోనే అమెరికాలో నిషేధించారు. ఏడాదిన్నర పాప ఉన్న ఇంట్లో నన్నడిగితే రోకలిబండే నయం.

జూన్ ప్రయాణానికి భయపడక్కర్లేదు. వెళ్లే ముందు మట్టి సరిపడా తడిపి, ఎండుటాకులు మందంగా పరిచి, నీడలో పెట్టండి, ఇంట్లో ఎవరూ లేరు కదా అని ఏసీ పూర్తిగా ఆపేయకండి, ఫ్లోరిడా ఎండకి మూసిన ఇల్లు ఉడికిపోతుంది. పక్కింటి వాళ్లెవరైనా వారానికోసారి వచ్చి నాలుగు చుక్కలు చల్లి, మూత సరిగ్గా పెట్టి వెళ్తే చాలు.