సీరియల్‌లో గడియారం, ఇంట్లో కుట్టు మిషన్

నాకు 37 ఏళ్లు. మాది హనుమకొండ. మా ఆయన మందుల ఏజెన్సీలో పని చేస్తారు. ఇద్దరు పిల్లలు, అత్తమ్మ మాతోనే ఉంటుంది. రెండేళ్ల నుంచి రాత్రి ఏడున్నరకు వచ్చే ఒక సీరియల్ చూస్తున్నాను. కథ కోసం కాదు. ఆ ఇంటి హాల్లో ఏ వస్తువు ఎక్కడుందో చూస్తాను. గోడ గడియారం పొద్దుటి సీన్లోనూ పదీ పదే, రాత్రి సీన్లోనూ పదీ పదే. పూజగదిలో దీపానికి ఐదు వత్తులుంటే, కోడలి ముఖం చూపించి మళ్లీ దీపం చూపించేసరికి రెండే ఉన్నాయి. చనిపోయిన పెద్దాయన ఫొటోకు బంతిపూల దండ ఉండేది, అదే సీన్ మర్నాడు కొనసాగితే ప్లాస్టిక్ దండ. ఇవన్నీ తేదీ వేసి 200 పేజీల నోట్‌బుక్‌లో రాసుకుంటాను. ఇప్పుడు రెండో నోట్‌బుక్ నడుస్తోంది. మా ఇంట్లో కూడా వస్తువులు ఇట్లాగే మారుతుంటాయి, ఉగాది వెళ్లిన రెండో ఆదివారం నా కుట్టు మిషన్ ఉన్నచోటికి కూలర్ వచ్చింది, మిషన్ పరకాలలో ఆడబిడ్డ ఇంటికి పోయింది, అది వేరే సంగతి. మొన్న దసరాకు ఆడబిడ్డ వాళ్లు వచ్చినప్పుడు మా ఆయన నా నోట్‌బుక్ తెచ్చి అందరి ముందు చదివారు. పడీపడీ నవ్వారు. ఆడబిడ్డ ఒక్కతే నవ్వలేదు. ఆ రాత్రి మా ఆయన ‘ఇది పిచ్చి, ఆ బుక్కులు కాల్చెయ్’ అన్నారు. ఇది జబ్బా? సీరియల్ మానెయ్యాలా? ఈ తప్పులన్నీ ఛానల్‌కు పంపితే బాగుంటుందా?
– ఒక సోదరి, హనుమకొండ

అమ్మా,

మీరడిగిన మూడింటికీ మూడు ముక్కల్లో చెప్పేస్తాను. జబ్బు కాదు. సీరియల్ మానక్కర్లేదు. ఛానల్‌కు పంపినా జవాబు రాదు.

రాసుకోకపోతే నిద్ర పట్టకపోవడం, ఆ అరగంట కోసం పిల్లల అన్నం మరచిపోవడం, గ్యాస్ కట్టేశానా లేదా అని పదిసార్లు లేచి చూసుకోవడం లాంటివి ఉంటే మాత్రం వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక వైద్యులను కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చెయ్యండి. మీ ఉత్తరంలో అటువంటిదేమీ నాకు కనిపించలేదు. రాత్రి ఏడున్నరకు కూర్చుంటారు, ఎనిమిదికి లేచి వంటింట్లోకి పోతారు. దాన్ని పిచ్చి అంటే మా వీధిలో క్రికెట్ స్కోర్లు నోటికి అప్పజెప్పే మగాళ్లందరినీ ముందు ఆస్పత్రిలో చేర్చాలి.

మీరు చూస్తున్నదాన్ని సినిమావాళ్లు కంటిన్యుటీ అంటారు. అది జీతమిచ్చి చేయించుకునే పని. సెట్‌లో సామానును వాళ్లు ప్రాపర్టీ అంటారు. ఏ ప్రాపర్టీ ఎక్కడుంది, ఎవరి పైట ఎటువైపుంది, గాజులెన్ని, పాలగ్లాసులో పాలు ఎక్కడిదాకా ఉన్నాయి అని రాసుకోవడం మన దగ్గర అసిస్టెంట్ డైరెక్టర్ల పని. హాలీవుడ్‌లో అయితే స్క్రిప్ట్ సూపర్‌వైజర్ అని దీనికి ప్రత్యేకంగా ఒక ఉద్యోగమే ఉంది. సెల్‌ఫోన్లు రాకముందు పోలరాయిడ్ కెమెరాతో అప్పటికప్పుడు ఫొటో తీసి దగ్గర పెట్టుకునేవాళ్లు. మీరు 200 పేజీల నోట్‌బుక్‌తో చేస్తున్నదీ అదే. జీతం లేదు, అంతే.

తప్పులెందుకు వస్తాయో కూడా చెప్తాను, ఆ అసిస్టెంట్ డైరెక్టర్ మీద మీకు కాస్త జాలి కలుగుతుంది. కథ నడిచిన వరసలో షూటింగ్ నడవదు. హాల్లో సీన్లన్నీ ఒకరోజు తీసేస్తారు, పూజగదివన్నీ ఇంకోరోజు. అత్త వేషం వేసే ఆవిడ డేట్లు దొరికిన రోజున ఆవిడ సీన్లన్నీ లాగించేస్తారు. ఒకే సంభాషణలో కోడలి ముఖం పొద్దున తీసి, దీపం సాయంత్రం తీయొచ్చు. మధ్యలో భోజనాలు. ఎవరో కుర్రాడు నూనె దండగ ఎందుకని మూడు వత్తులు ఆర్పి ఉంటాడు. కోడలు పాలగ్లాసు సగం తాగాక కట్ చెప్పారంటే, మళ్లీ షాట్ పెట్టేటప్పుడు సరిగ్గా ఆ గీత దాకా పాలు పొయ్యాలి. సోమవారం నుంచి శనివారం దాకా రోజుకో ఎపిసోడ్ అంటే ఏడాదికి 300 దాటతాయి. అంత తొందరలో బంతిపూల దండ వాడిపోయింది, చేతికందిన ప్లాస్టిక్ దండ వేసేశారు. మీరిప్పుడు రాసి పంపితే వాళ్లకు కొత్తగా తెలిసేదేం లేదు.

మీ లిస్టులోంచి గడియారాన్ని మాత్రం కొట్టెయ్యండి. అది తప్పు కాదు. గడియారం నడుస్తుంటే ఒకే డైలాగును నాలుగుసార్లు తీసేసరికి ముల్లు జరిగిపోతుంది, అతికించేటప్పుడు ముందుకీ వెనక్కీ గంతులేస్తుంది. అందుకని సెట్లలో చాలాచోట్ల దాన్ని ఆపేస్తారు. పొద్దుటికీ రాత్రికీ ముల్లు తిప్పే ఓపిక ఎవరికీ లేకపోవడం వేరే విషయం అనుకోండి.

డబ్బులు నీళ్లలా పోసిన వాళ్లకూ ఇవి తప్పలేదు. గేమ్ ఆఫ్ థ్రోన్స్ అని అమెరికా సీరియల్ ఉంది, రాజులు, కోటలు, డ్రాగన్ల కథ. 2019 మేలో వచ్చిన ఎపిసోడ్‌లో రాణిగారి ముందు బల్ల మీద ఈ కాలపు కాఫీ కప్పు ఒకటి కనిపించింది. ప్రపంచమంతా నవ్వింది. రెండు రోజుల్లో ఆ కప్పును కంప్యూటర్‌లో చెరిపేశారు. ఫ్రెండ్స్ అనే ఇంకో సీరియల్‌లో ఎదురెదురు ఫ్లాట్ల తలుపుల మీద మొదట్లో 4, 5 అని ఉండేవి. వాళ్లుండేది పై అంతస్తులో, అంత చిన్న నంబర్లు కింది ఇళ్లకుంటాయి కదా అని తట్టాక 19, 20 చేశారు. ఎవరో చూశారు, ఎవరో సరిచేశారు. చూసినవాళ్లను ఎవరూ పిచ్చివాళ్లు అనలేదు.

సీరియల్ సంగతి అయిపోయింది. ఇప్పుడు మిషన్ సంగతికి వద్దాం.

మీరు పంపిన ఉత్తరం నాలుగు పేజీలు, పైన వేసింది తగ్గించి వేశాను. అందులో మూడున్నర పేజీలు ఆ సీరియల్ హాలు గురించే. మిషన్ పోయిన సంగతి నేరుగా రాసింది ఒకటిన్నర లైను. చివర్లో ‘అది వేరే సంగతి’ అని ముక్తాయింపు ఒకటి. వేరే సంగతి అయితే ఉగాది వెళ్లిన రెండో ఆదివారం అని మీకెలా గుర్తుంది? దసరా దాటిన తర్వాత కూర్చుని రాస్తున్నారు, మధ్యలో ఆరు నెలలు. మూడో పేజీ అంచులో మీరే ఇంకో ముక్క రాశారు, మిషన్ కాళ్ల గుర్తులు నాలుగూ ఇంకా బండల మీద ఉన్నాయని, కూలర్ కింద నుంచి రెండు కనిపిస్తుంటాయని. పెళ్లిలో మీ అమ్మగారు పెట్టిన మిషన్ అనీ, బతుకమ్మ పండుగ ముందు వాడకట్టు వాళ్లకు జాకెట్లు కుట్టి, ఆ పైసలు విడిగా ఒక డబ్బాలో పెట్టుకునేదాన్ననీ కూడా రాశారు. నేను ఆ ముక్కలకే జవాబు రాస్తున్నాను.

మీ వారు చెడ్డవారని నేననడం లేదు. చెల్లెలికి అవసరమైంది, ఇంట్లో ఒక మిషన్ ఖాళీగా కనిపించింది, ట్రాలీ ఆటో మాట్లాడి పంపేశారు. ‘నువ్వు ఈ మధ్య కుట్టట్లేదు కదా’ అన్నారట. చిన్నోడికి అప్పుడు ఒళ్లు బాగాలేదు, నాలుగు నెలలు కుట్టలేకపోయారు, అది మీరూ రాశారు. ఆయన తప్పు మిషన్ ఇవ్వడం కాదు, మిమ్మల్ని అడగకపోవడం. ఆయన బండి ఎవరికైనా ఇవ్వాలంటే మీరు ఆయన్ని అడగకుండా ఇచ్చేస్తారా? ఇయ్యరు. అడుగుతారు. ఆ మాత్రం మర్యాద మీకూ రావాలి.

నాకు ఈ విషయంలో కోపం కాస్త ఎక్కువే, దాచుకోను. మా పెళ్లికి మా అమ్మ ఇత్తడి గంగాళం పెట్టింది. పెళ్లయిన మూడో ఏడు మా అత్తగారి తరఫు వాళ్లు ఏదో పెళ్లికని పట్టుకుపోయారు, మళ్లీ తేలేదు. కొత్త కోడలిని, నోరు లేవలేదు. తర్వాత అడగడం నామోషీ అయింది. ఇరవై ఏళ్లు దాటాయి. ఇప్పటికీ వాళ్లింటికి పోతే మంచినీళ్లిచ్చే లోపల నా కళ్లు వంటింటి మూలకు పోతాయి. గంగాళం అక్కడే ఉంది, బియ్యం పోసుకున్నారు. వాళ్లతో నేను మనసు విప్పి మాట్లాడింది ఒక్కసారి కూడా లేదు. అందులో వాళ్ల తప్పు సగమైతే, అడగని నా తప్పు సగం.

చట్టం కూడా ఒక మాట చెప్తుంది, తెలిసి ఉండటం మంచిది. పెళ్లిలో పుట్టింటివాళ్లు అమ్మాయికి పెట్టింది స్త్రీధనం. 1985లో ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అది భర్త ఇంట్లో ఉన్నంత మాత్రాన ఆయనది అయిపోదని, పూర్తిగా భార్యదేనని. మిషన్ కోసం కోర్టుకు పొమ్మనడం లేదు, కంగారు పడకండి. సినిమావాళ్లు సామానును ప్రాపర్టీ అంటారన్నాను కదా, మీ మిషన్ నిజంగానే మీ ప్రాపర్టీ. ఆయనతో మాట్లాడేటప్పుడు ఇది తెలిసి ఉంటే గొంతు వణకదు.

దసరా రోజు ఆయన నోట్‌బుక్ చదివినప్పుడు మీరేం చేశారు? లేచి వంటింట్లోకి పోయి గారెలు వేశారు. ఆ పని నాకు నచ్చలేదు. నలుగురి ముందు గొడవ పడమని కాదు, ‘అది నాది, ఇటివ్వండి’ అని చెయ్యి చాచి తీసుకోవాల్సింది. మిషన్ పోయినప్పుడు ఊరుకున్నారు, నోట్‌బుక్ తీసినప్పుడూ ఊరుకున్నారు. మీ నోరు లేచేది ఒక్కచోటే, టీవీలో ముక్కూ ముఖం తెలియనివాళ్ల దీపం వత్తుల మీద. వాళ్లకు మీ మాట వినపడదు కాబట్టి అక్కడ భయం లేదు.

ఇంకో సంగతి మీరే రాసి మీరే పట్టించుకోలేదు. ఆడబిడ్డ నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో నేనెలా చెప్పగలను? కానీ మిషన్ అడగకుండా వచ్చిందని ఆ పిల్లకు తెలిసే ఉంటుందని నా అనుమానం. వదిన ముఖం చూడలేక తలొంచుకుని ఉంటుంది. కాబట్టి ఆమెతో మాటలు తగ్గించుకోవద్దు. అలాగని ముందు ఆమెకు ఫోన్ చెయ్యొద్దు. అత్తమ్మ చేత చెప్పించొద్దు. అత్తమ్మ రోజూ మీ పక్కన కూర్చుని సీరియల్ చూస్తూ ‘ఆ కమ్మలు నిన్న వేరేవి కదా’ అని మీకు అందిస్తుందని రాశారు, మురిపెంగా ఉంది, ఆ స్నేహాన్ని ఈ తగాదాలోకి లాగొద్దు. ఈ మాట మీకూ మీ ఆయనకూ మధ్య జరగాలి.

ఒక ఆదివారం పొద్దున చూసుకోండి, పిల్లలు బయట ఆడుకుంటున్నప్పుడు. అన్నం ముందు వద్దు, పడుకునేటప్పుడు అసలే వద్దు. కూలర్ దగ్గర నిలబడి చెప్పండి. ‘ఆ మిషన్ మా అమ్మ పెట్టింది. నన్ను అడగకుండా పంపారు. నాకు బాధేసింది. నోట్‌బుక్ అందరి ముందు చదివినప్పుడు ఇంకా బాధేసింది.’ నాలుగు వాక్యాలు చాలు. పాత లెక్కలు తియ్యకండి, మీ అత్తింటివాళ్లు మీ పెళ్లిలో చేసిన పంచాయతీలు అసలే తియ్యకండి.

ఆయన ఏమంటారో నాకు తెలుసు. ‘ఓస్ ఇంతేనా, చౌరస్తాకు పోయి కొత్తది కొంటా, మోటారుది కొంటా’ అంటారు. అక్కడే మన ఆడవాళ్లు కరిగిపోతారు. మీరు వెంటనే సరేననొద్దు. ‘ముందు నేను ఆలోచించుకుంటా’ అనండి. ఆలోచించుకోండి కూడా. మిషన్ తిరిగి రావాలా, లేక ఆడబిడ్డ దానిమీద కుట్టుకుంటోంది కాబట్టి ఉండనివ్వాలా? రెండోదే అనిపిస్తే పరకాలకు మీరే పోండి. ఆమెకు బొట్టు పెట్టి, జాకెట్ ముక్క చేతిలో పెట్టి, ‘ఈ మిషన్ నేను నీకిస్తున్నా’ అని మీ నోటితో చెప్పండి. ఇచ్చింది మీరవ్వాలి. అప్పుడు కొత్త మిషన్ సంగతి మాట్లాడుకోవచ్చు, అదీ మీ పేరున బిల్లు రాయించుకుని. తిరిగి రావాలి అనిపిస్తే అదే ట్రాలీ ఆటోలో వస్తుంది, హనుమకొండకూ పరకాలకూ ఏం దూరమని. చలికాలం వస్తోంది, కూలర్ ఎలాగూ అటక ఎక్కాల్సిందే.

నోట్‌బుక్కులు కాల్చకండి. మీ బట్టల అర కింద పెట్టుకుని తాళం వెయ్యండి. ఆయన అడిగితే చూపించండి, అడగకుండా తీస్తే ఊరుకోకండి.

అన్నట్టు, మీరు పేరు రాయకపోయినా ఏ సీరియలో నాకు తెలిసింది, నేనూ చూస్తాను. దీపం ఎపిసోడ్ కూడా చూశాను. వత్తుల సంగతి నాకు తట్టనే లేదు, కోడలి గాజులే చూస్తూ కూర్చున్నాను. మిషన్ ఏమైందో రాయండి, తేదీ వేసి.