పాత సీరియళ్లు చూస్తూ రాత్రుళ్లు మేలుకుంటున్నా.. ఇది జబ్బా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం. అబ్బాయి ఇంటర్, అమ్మాయి ఎనిమిదో తరగతి. ఏడాది కిందట నాన్నగారు పోయారు. పెద్దకొడుకుగా కర్మలన్నీ దగ్గరుండి చేశాను. అప్పటి నుంచి రోజూ రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్‌లో పాత దూరదర్శన్ కార్యక్రమాలు చూస్తున్నాను. రామాయణం, మహాభారతం, చిత్రలహరిలో వచ్చిన పాటలు.. రాత్రి రెండవుతోంది. మా ఊళ్లో నాన్న డాబా ఎక్కి ఆంటెనా తిప్పడం, కిందనుంచి నేను ‘వచ్చింది.. పోయింది’ అని అరవడం, కరెంటు పోతే ఎవరో ట్రాక్టర్ బ్యాటరీ మోసుకురావడం అన్నీ కళ్లముందు తిరుగుతాయి. ఆ ఆంటెనా పైపు ఇంకా డాబా మీదే ఉంది. పిల్లలకు చూపిద్దామంటే పది నిమిషాలకే లేచిపోతున్నారు. మొన్న కోపంతో అబ్బాయి ఫోన్ లాక్కున్నాను. ‘మీరు మా మధ్య ఉండట్లేదు’ అని మా ఆవిడ ఏడ్చింది. ఆ రోజులే బాగుండేవి మేడం. ఇదేమైనా జబ్బా?

జవాబు: జబ్బు కాదండీ. ఒకప్పుడైతే జబ్బనే అనుకున్నారు. 1688లో హోఫర్ అనే స్విట్జర్లాండ్ వైద్య విద్యార్థి, ఇంటికి దూరమై చిక్కిపోయేవాళ్ల గురించి రాస్తూ ‘నోస్టాల్జియా’ అన్న మాట పుట్టించాడు. మనకు అంతకంటే దగ్గరి మాట ఉంది, బెంగ. మీరు బెంగ పెట్టుకున్నారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో రాముడి గురించి గానీ అర్జునుడి గురించి గానీ ఒక్క ముక్క లేదు. ఉన్నదంతా డాబా మీద నిలబడ్డ నాన్నగారే. ఆ వీడియోలు ఎన్ని రాత్రులు చూసినా ఆయన కనపడరు, ఎందుకంటే ఆయన ఎప్పుడూ తెరకు ఇవతలే ఉన్నారు. అందుకే మీకు తనివి తీరడం లేదు, ఒకటి అయ్యాక ఇంకోటి పెడుతున్నారు. కర్మలన్నీ చేశానని రాశారు. ఏడ్చానని మాత్రం ఎక్కడా రాయలేదు. మీ ఆవిడ దగ్గర కూర్చుని నాన్నగారి గురించి మాట్లాడండి. మధ్యలో గొంతు పూడుకుపోతే పోనివ్వండి.

ఆ రోజులు బాగుండేవన్నారు, నిజమే. కానీ మీరు అప్పుడు ఎనిమిదేళ్ల పిల్లాడు. బరువంతా ఇంకొకరు మోశారు. మా ఇంట్లోనూ ఆదివారం తొమ్మిదిన్నరకు రామాయణం వచ్చేసరికి వీధిలో సగం మంది మా వసారాలో ఉండేవారు. మా అమ్మ చేతిలో గరిటెతో వంటింటి గుమ్మంలో నిలబడి చూసేది. పొయ్యి మీద ఏదో మాడుతోందని లోపలికి పరిగెత్తేది. ఒక్క భాగమైనా ఆవిడ కూర్చుని పూర్తిగా చూసినట్టు నాకు గుర్తులేదు. ఈ సంగతి నాకు నలభై దాటాక గానీ తట్టలేదు. మీ అమ్మగారిని కూడా అడగండి, ఆ ఆదివారాలు తనకెలా గడిచేవో.

పిల్లల మీద కోపం వద్దు. 1987 జనవరిలో రామాయణం మొదలైనప్పుడు మనకు ఇంకో ఛానెల్ లేదు, తర్వాతి భాగం కోసం వారమంతా ఎదురుచూశాం. ఆ ఎదురుచూపు లేకుండా చూస్తే వాళ్లకు అది నిదానంగానే ఉంటుంది. 2020 లాక్‌డౌన్‌లో మళ్లీ వేసినప్పుడు చాలా ఇళ్లలో పిల్లలు కూడా కూర్చుని చూశారు. అప్పుడు అందరూ ఇంట్లోనే ఉన్నారు, ఎవరికీ హడావుడి లేదు. అబ్బాయికి ముందు సారీ చెప్పండి. తర్వాత వాడు చూసేదేదో ఒక సాయంత్రం మీరూ పక్కన కూర్చుని చూడండి. అర్థం కాకపోతే అడగండి, వాడు చెబుతాడు. వారంలో ఒక పూట భోజనం దగ్గర ఫోన్లన్నీ పక్కన పెట్టండి, ముందు మీది.

పాత కార్యక్రమాలు పూర్తిగా మానక్కర్లేదు. రోజుకొకటి, హాల్లో, అందరూ మెలకువగా ఉన్నప్పుడు చూడండి. రాత్రి పది దాటాక ఫోన్ పడకగది బయటే ఛార్జింగ్ పెట్టండి. ఇంత చేసినా నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, దేని మీదా ఆసక్తి లేకుండా రెండు వారాలు గడిచినా ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఇందులో నామోషీ ఏమీ లేదు.

సంవత్సరీకానికి ఎలాగూ ఊరు వెళ్తారు. రెండు రోజులు ఎక్కువ ఉండేలా సెలవు పెట్టుకోండి. చుట్టాలంతా వెళ్లాక అబ్బాయిని తీసుకుని డాబా ఎక్కండి. తాతయ్య ఆ పైపును ఎటు తిప్పితే బొమ్మ వచ్చేదో వాడికి చూపించండి.