ఎల్ఈడీ ఇండికేటర్లతో వైరింగు కాలితే కేసు ఎవరి మీద?

ప్రశ్న: తిరుపతిలో సొంత టాక్సీ నడుపుకుంటున్నాను. అలిపిరి నుంచి యాత్రికులను కొండకు తీసుకెళ్లడమే మా బతుకుతెరువు. 2025 మార్చిలో ఒక యాక్సెసరీస్ షాపులో నాలుగు ఇండికేటర్ బల్బులూ తీయించి ఎల్ఈడీలు వేయించాను. రూ.2,400 యూపీఐలో కట్టాను, బిల్లు ఇవ్వలేదు. ఇండికేటర్లు మరీ వేగంగా కొట్టుకుంటుంటే వాళ్లే రెసిస్టర్లు తగిలించారు. జూన్ 14న ఘాట్ దిగుతుండగా వెనక ఎడమవైపు వైరింగు కరిగిపోయింది. లైట్లను నడిపే కంట్రోల్ మాడ్యూల్ కూడా పోయిందని, రూ.38,000 అవుతుందని, వారంటీ మొత్తం రద్దయిందని సర్వీస్ సెంటర్ వాళ్లు అంటున్నారు. షాపతను మాకు సంబంధం లేదంటున్నాడు. నా భార్య నగలు కుదువలో ఉన్నాయి, పిల్లల ఫీజులు కట్టాలి. మామూలు బల్బులు మళ్లీ పెట్టేసి, దానంతట అదే కాలిందని చెబితే ఇన్సూరెన్స్ వస్తుందని స్నేహితుడు అంటున్నాడు. కారు కంపెనీపై కేసు వేయవచ్చా?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: నగలు, ఫీజుల సంగతి ఫిర్యాదులో ఒక పేరాకు మించి అక్కరకు రాదు. కేసును తేల్చే సంగతి మీరు రాయనే లేదు. కరిగిన ఆ వైరింగు ముక్క, దానికి తగిలించిన రెసిస్టరు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాయి? సర్వీస్ సెంటర్ చెత్తబుట్టలోకి వెళ్లిపోతే మీ కేసులో సగం దానితోనే పోయినట్టు.

ఎందుకంటే, మామూలు ఇండికేటర్ బల్బు 21 వాట్లది, 12 వోల్టుల మీద దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది. ఎల్ఈడీ లాగేది అందులో చిన్న భాగం. కరెంటు తగ్గేసరికి బల్బు మాడిందనుకుని బండి ఇండికేటర్‌ను గబగబా కొట్టిస్తుంది. దాన్ని మభ్యపెట్టడానికే రెసిస్టరు. సాధారణంగా వేసేది 6 ఓమ్‌లు, 50 వాట్లది. వెలిగిన ప్రతిసారీ 2 ఆంపియర్లు తీసుకుని 24 వాట్లను వట్టి వేడిగా వదులుతుంది, ఇంజిన్ నడుస్తున్నప్పుడు అది 30 వాట్లు దాటవచ్చు. 50 వాట్లని దాని మీద రాసి ఉన్నా, ఇనుప బాడీకి స్క్రూలతో బిగిస్తేనే ఆ లెక్క. ఇన్సులేషన్ టేపుతో వైర్ల కట్టకే చుట్టేస్తే, ఘాట్ మలుపుల్లో ఎడతెగకుండా ఇండికేటర్ వేసే బండిలో తీగల పైపొర కరగక మానదు. రాగి తీగ బయటపడి బాడీకి తగిలితే షార్టవుతుంది, మాడ్యూల్ దాకా దెబ్బ పోవచ్చు.

కాబట్టి కాలింది రెసిస్టరు ఉన్న చోటే అయితే మీ ప్రత్యర్థి షాపతను. దానికి దూరంగా, కంపెనీ కనెక్టర్ దగ్గర మొదలైతేనే కంపెనీ మాట. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 87వ సెక్షన్ ప్రకారం, నష్టం జరిగేనాటికి వస్తువును మార్చి ఉంటే అమ్మినవారిపై ప్రొడక్ట్ లయబిలిటీ దావా (లోపమున్న వస్తువు వల్ల కలిగిన నష్టానికి వేసేది) నిలవదు. కారు డీలరు లాయరు మొదట తెరిచేది ఆ పేజీయే. అయితే ‘వారంటీ మొత్తం రద్దు’ అన్న మాటను నోటితో ఒప్పుకోకండి. ఏ షరతు కింద, ఏ భాగానికి, ఎందుకు అని రాతపూర్వకంగా అడగండి. బల్బు మారిస్తే గేర్‌బాక్సు వారంటీ ఎలా పోతుంది?

ఇక మీ స్నేహితుడి సలహా. ఆ పని చేశారో, ఉన్న కేసూ పోతుంది. వైరు కోసి క్లిప్పు నొక్కిన గాటు, రెసిస్టరు వేడికి ప్లాస్టిక్‌పై పడిన మచ్చ బల్బు మారిస్తే చెరగవు. ఇన్సూరెన్స్ సర్వేయరుకు అబద్ధం చెప్పి క్లెయిమ్ పెడితే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం కేసుకు మీరే దారి వేసినట్టు. పైగా దానివల్ల వచ్చేదీ లేదు. మోటారు పాలసీ అగ్నిప్రమాదానికి వర్తిస్తుంది గానీ ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్‌ను మినహాయిస్తుంది. మంట లేకుండా కరిగిన వైరింగును ఇన్సూరెన్స్ కంపెనీ రెండో దాంట్లోనే వేస్తుంది.

బిల్లు తీసుకోకపోవడం మీ నిర్లక్ష్యం. రోజూ ప్రయాణికులకు రసీదులిచ్చే మనిషి బండి వైరు కోయించేటప్పుడు కాగితం అడగలేదంటే ఏమనాలి? అయినా దారి మూసుకుపోలేదు. యూపీఐ చెల్లింపు కనిపించే బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి. షాపతనితో వాట్సాప్ మాటలుంటే ఫోన్ మార్చకుండా భద్రపరచండి. ఎల్ఈడీ డబ్బా దొరికితే తయారీదారు పేరు చూడండి. ఆ పేరే తెలియకపోతే వినియోగదారుల చట్టం 86వ సెక్షన్ అమ్మిన షాపునే బాధ్యుణ్ణి చేస్తుంది. బిగించిన పనిలో లోపానికి 85వ సెక్షన్ ఉంది.

ఈ వారమే సర్వీస్ సెంటర్‌కు లేఖ ఇచ్చి రసీదు వేయించుకోండి: పాత వైరింగు, రెసిస్టర్లు, మాడ్యూల్ పారేయవద్దు, జాబ్ కార్డు (రిపేరు వివరాల కాగితం) కాపీ కావాలి అని. రిపేరు డబ్బు మీదైతే పాత భాగాలూ మీవే. విప్పకముందే నంబర్ ప్లేటుతో పాటు కాలిన చోటును దగ్గరగా ఫొటోలు తీయించి, లైసెన్సున్న సర్వేయరుతో ప్రైవేటు రిపోర్టు రాయించండి. అందులో వేడి ఎక్కడ మొదలైందో ఉండాలి, ‘వైరింగు కాలినది’ అన్న ఒక్క వాక్యం చాలదు. అవతలివాళ్లు కాదంటే, వినియోగదారుల కమిషన్ 38వ సెక్షన్ కింద ఆ భాగాలను ల్యాబుకు పంపగలదు. ఇదంతా అయ్యాక రిపేరు చేయించుకుని బండి తిప్పుకోండి, కేసు తేలేదాకా ఆపనక్కర్లేదు.

తర్వాత షాపుకు 15 రోజుల గడువుతో నోటీసు. నోటీసులు, ఫోన్లు నడుస్తున్నంత మాత్రాన కాలపరిమితి ఆగదు. 69వ సెక్షన్ ప్రకారం గడువు రెండేళ్లు. కాలిన రోజు నుంచి లెక్కిస్తే 2027 జూన్, కానీ అవతలివాళ్లు బల్బు వేసిన రోజు నుంచి లెక్క కడతారు. 2027 మార్చి రాకముందే తిరుపతి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. షాపును మొదటి ప్రతివాదిగా, సర్వీస్ సెంటర్‌ను రెండో ప్రతివాదిగా పెట్టండి. చెల్లించిన ప్రతిఫలం (సరుకుకో, పనికో కట్టిన డబ్బు) రూ.5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. సర్వీస్ సెంటర్‌ను చేర్చితే కారు ధర లెక్కలోకి వచ్చే అవకాశం ఉంది, వేసే ముందు లాయరుతో చూపించుకోండి. టాక్సీ కదా, వినియోగదారుడు కాదంటారు. సొంతంగా నడుపుకుని బతికేవారిని 2(7) సెక్షన్ వివరణ వినియోగదారుడిగానే చూస్తుంది, డ్రైవరును పెట్టలేదని అఫిడవిట్‌లో రాయండి. ఆదాయ నష్టం అడిగితే ట్రిప్పుల లెక్కలు చూపాలి, లేకపోతే నామమాత్రమే.

మరో మాట, మళ్లీ ఎల్ఈడీ వేయిస్తారేమో. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 102వ నియమం ప్రకారం ఇండికేటర్ వెలుగు అంబర్ (నారింజ పసుపు) రంగులోనే ఉండాలి, నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకోవాలి. 15 సెకన్లు లెక్కపెట్టండి, 30 దాటితే తప్పు. అలాంటి మార్పుకు మోటారు వాహనాల చట్టం 182ఏ(4) కింద ఒక్కోదానికి రూ.5,000 జరిమానా పడవచ్చు, ఫిట్‌నెస్ పరీక్షలోనూ బండి నిలిచిపోతుంది. రంగులేని అద్దం వెనక అంబర్ బల్బుల పిన్నులు కావాలనే పక్కకు పెట్టి ఉంటాయి, తెల్లది దూరకుండా. పిన్ను అరగదీసి దూర్చే షాపులో మాత్రం బండి దిగకండి.