బంతి వస్తే మొహం తిప్పేసుకుంటాడు

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్ళు. బంతి విసిరితే మొహం పక్కకి తిప్పేసుకుంటాడు, పట్టుకోలేడు. పరిగెత్తితే తడబడి పడిపోతాడు. తోటిపిల్లలు ఆటలో చేర్చుకోవడం లేదని ఏడుస్తున్నాడు. క్రికెట్ కోచింగ్‌లో చేర్పిస్తే అన్నీ సర్దుకుంటాయని మావారు అంటారు. వయసొస్తే అదే వస్తుందని మా అత్తగారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మొహం తిప్పేసుకుంటాడని రాశారు చూడండి, పిల్లల ఫిజియోథెరపిస్టుగా నేను మొదట గమనించేది అదేనమ్మా. బంతి పట్టడం రాని చాలామంది పిల్లల్లో లోపం చేతుల్లో ఉండదు. తగులుతుందన్న భయంతో సరిగ్గా ఆఖరి క్షణంలో చూపు తప్పిస్తారు. దాంతో బంతి జారిపోయాక చేతులు మూసుకుంటాయి. నాలుగేళ్ళప్పుడు బంతిని గుండెలకు హత్తుకుని పట్టడం మామూలే. ఏడేళ్ళకి చాలామంది చేతులతో పట్టగలుగుతారు. అయితే వయసొక్కటే ఆ పని చేసిపెట్టదు. విసరడం, పట్టడం, ఒంటికాలి మీద గెంతడం చేయగా చేయగా వస్తాయి. ప్రతిసారీ ఎక్కడ తేడా వచ్చిందో చూసుకుని చిన్నమెదడు తర్వాతి కదలికను సరిదిద్దుతుంది. ఆడే అవకాశం దొరకనివాళ్ళు వెనకపడతారు, వెనకపడ్డామన్న సిగ్గుతో ఆటకే దూరమవుతారు. మీ బాబు విషయంలో నాకు దిగులు కలిగించేది ఇదే.

బెలూన్‌తో మొదలుపెట్టండి. అది నెమ్మదిగా దిగుతుంది, తగిలినా నొప్పెట్టదు కాబట్టి చివరిదాకా చూడగలుగుతాడు. తర్వాత పెద్ద మెత్తటి బంతిని నేలకి ఒకసారి కొట్టి అందించండి. చిన్న బంతి ఆపైనే. బంతి మీద స్కెచ్‌పెన్‌తో పెద్ద చుక్క పెట్టి, "చుక్కని చూడు" అనండి. "చేతులు చాపు" అనడం కన్నా ఇది బాగా పనిచేస్తుంది. విసిరేటప్పుడు కాళ్ళు గమనించండి. కుడిచేత్తో విసురుతూ కుడికాలే ముందుకు వేస్తుంటే నడుము తిరగదు, విసురులో బలం రాదు. ఎడమకాలు పడాల్సిన చోట సుద్దముక్కతో గీత గీస్తే చాలు, చాలామంది ఇట్టే అందుకుంటారు.

ఇక కోచింగ్. మీవారి ఆలోచన మంచిదే, కాస్త తొందరపడుతున్నారు. వరుసలో నిలబడి తన వంతు కోసం ఎదురుచూడటమే ఎక్కువైతే, ఈ వయసు పిల్లాడికి దానివల్ల ఒరిగేది తక్కువ. ఈత, తాడాట, ఫుట్‌బాల్, పట్టుకునే ఆటలు, ఎక్కడం దిగడం, అన్నీ రుచి చూడనివ్వండి. ఒకే ఆటకి పరిమితం కావడాన్ని 15, 16 ఏళ్ళదాకా వాయిదా వేయడం మేలని అమెరికాలోని పిల్లల వైద్యుల అకాడమీ కూడా చెబుతోంది. 5 నుంచి 17 ఏళ్ళవాళ్ళకి రోజుకి సగటున 60 నిమిషాల చురుకైన కదలిక కావాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన. వారానికి రెండు క్లాసులతో అది తీరదు.

ఈలోగా కళ్ళ పరీక్ష చేయించండి. సరిగ్గా కనబడకపోయినా పిల్లలు చెప్పరు, అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటారు. బొత్తాలు పెట్టుకోవడం, లేసులు కట్టుకోవడం, పెన్సిల్ పట్టుకోవడం కూడా కష్టంగా ఉంటే పిల్లల డాక్టరుకి చూపించండి. బడి వయసు పిల్లల్లో సుమారు 5 శాతం మందికి కదలికల సమన్వయంలో లోపం ఉంటుంది. అది బద్ధకమూ కాదు, మొండితనమూ కాదు, థెరపీతో మెరుగుపడుతుంది. ఇదివరకు చక్కగా చేసిన పనులే ఇప్పుడు చేయలేకపోతున్నాడంటే మాత్రం బెలూన్లూ బంతులూ పక్కనపెట్టి వెంటనే డాక్టరుని కలవండి.