నడకలో ఇబ్బంది ఉన్న పిల్లల వ్యాయామం: మీ ప్రశ్నలు, మా జవాబులు

మా అబ్బాయికి 15 ఏళ్లు. సెరిబ్రల్ పాల్సీ (పసితనంలోనే మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పే సమస్య) వల్ల రెండు కాళ్లూ బిగుసుకుని ఉంటాయి. స్ప్లింట్లు (పాదం, కాలు నిలకడగా ఉండేందుకు వేసే గట్టి ఆసరాలు) వేసుకుని నడుస్తాడు, దూరమైతే వాకర్ కావాలి. బరువులతో వ్యాయామం చేయిస్తే బిగుతు ఇంకా పెరుగుతుందనీ, కాళ్లు సాగదీస్తే చాలనీ అందరూ అంటున్నారు. నిజమేనా?

నిజం కాదమ్మా. ఒకప్పుడు వైద్యులు కూడా అలాగే నమ్మేవారు. తర్వాత బలం పెంచే వ్యాయామాల మీద జరిగిన పరిశోధనల్లో బిగుతు పెరిగినట్టు తేలలేదు. ఈ పిల్లల కాళ్లలో బిగుతు కంటికి కనిపిస్తుంది, దాని వెనకున్న బలహీనత కనిపించదు. మెట్టు ఎక్కలేకపోవడానికీ, కుర్చీలోంచి చేతి ఊతం లేకుండా లేవలేకపోవడానికీ చాలాసార్లు ఆ బలహీనతే కారణం. సాగదీస్తే బలం రాదు, బరువు మోస్తేనే వస్తుంది.

కుర్చీలోంచి లేచి కూర్చోవడంతో మొదలుపెట్టండి. గోడకు ఆనించిన, చేతులు లేని గట్టి కుర్చీ తీసుకోండి. కూర్చున్నప్పుడు తొడలు నేలకు సమాంతరంగా ఉండి, పాదాలు పూర్తిగా ఆనాలి. స్ప్లింట్లూ బూట్లూ వేసుకునే చేయాలి. పాదాలను మోకాళ్లకన్నా కాస్త వెనక్కి జరిపి, ముక్కు కాలివేళ్ల మీదుగా వచ్చేదాకా ముందుకు వంగి లేవాలి. కూర్చునేటప్పుడు మనసులో మూడు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగాలి. చాలామంది పిల్లలు ఇక్కడే దబ్బున కూలబడతారు. సగం లాభం అక్కడే పోతుంది.

మోకాళ్లు లోపలికి వచ్చి ఒకదానికొకటి తగులుతుంటే తొడల చుట్టూ రబ్బరు బ్యాండు వేసి, దాన్ని బయటికి నెడుతూ లేవమనండి. మడమలు లేస్తున్నా, చేతులతో తొడల్ని తోసుకుంటున్నా కుర్చీ తక్కువ ఎత్తులో ఉన్నట్టే. మడత పెట్టిన దుప్పటి వేసి 5 సెంటీమీటర్లు ఎత్తు చేయండి.

మొదటి రెండు మూడు వారాలు బరువు లేకుండా పద్ధతి నేర్పండి. తర్వాత వీపు సంచిలో ఇసుక పొట్లాలు పెట్టండి. 8 సార్లు చేసేసరికి ఇంకో రెండు మూడుకి మించి చేయలేననిపించాలి. పది చేశాక ఇంకో పది హాయిగా చేయగలిగితే ఆ బరువు చాలదు. 8 చొప్పున మూడు విడతలు, విడతకీ విడతకీ మధ్య నిమిషం, నిమిషంన్నర విరామం. ప్రతి విడతలోనూ 12 చేయగలిగితే అర కిలో పెంచండి. వారానికి 2, 3 రోజులు, వరసగా రెండు రోజులు వద్దు. కనీసం 12 వారాలు వదలకుండా చేయించండి. ఆరో వారంలో 'ఏమీ తేడా లేదు' అని మానేసేవాళ్లే ఎక్కువ.

సాగదీయడం మానమని కాదు. ఎత్తు వేగంగా పెరిగే వయసు ఇది, ఎముక పొడుగవుతుంటే పిక్కలు వెనకబడతాయి. రెండూ నడవాలి.

నాకు 19 ఏళ్లు, నడకలో ఇబ్బంది ఉంది. స్నేహితులతో పార్కుకి వెళ్తే పది నిమిషాలకే అలసిపోతాను. బద్ధకం అంటారు. రోజూ నడిస్తే అలవాటవుతుందా?

అది బద్ధకం కాదు, ఆ మాట మనసులోంచి తీసేయండి. సెరిబ్రల్ పాల్సీ లాంటి సమస్య ఉన్నవాళ్లకు అదే దూరం నడవడానికి మిగతావాళ్లకన్నా రెండు మూడు రెట్ల శక్తి ఖర్చవుతుంది. వాళ్లకది షికారు, మీకది పరుగు.

ఏకబిగిన నడవడం కన్నా విడతలుగా శ్రమించండి. 30 సెకన్లు గట్టిగా, 60 సెకన్లు నెమ్మదిగా, ఇలా 8 సార్లు. గట్టిగా చేసేటప్పుడు రెండు మూడు మాటలకు మించి పలకలేకపోవాలి, నెమ్మదించినప్పుడు వాక్యం పూర్తి చేయగలగాలి. దీన్ని నడకతోనే చేయాలని లేదు. వాకర్ పట్టుకుంటే కాళ్లకన్నా ముందు చేతులు, భుజాలు అలసిపోయి గుండెకు చాలినంత పని దొరకదు. పాదానికి పట్టీ, మడమకు ఆనకం ఉన్న మూడు చక్రాల సైకిలు మేలు. పెడల్ లేని, ఛాతీకి ఆసరా ఉన్న మూడు చక్రాల చట్రంలో కూర్చుని కాళ్లతో నేలను తంతూ పరుగెత్తే ఫ్రేమ్ రన్నింగ్ కూడా ఉంది. సొంతంగా పరుగెత్తలేనివాళ్లు దాని మీద నిజంగా పరుగెత్తుతారు.

వారానికి ఒకటి రెండు రోజులతో మొదలుపెట్టి మూడుకి పెంచండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వైకల్యం ఉన్న పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు సగటున రోజుకు 60 నిమిషాల ఓ మోస్తరు నుంచి గట్టి శ్రమ చెప్పింది. అంత చేయలేకపోయినా కొంత చేయడం మేలేనని కూడా చెప్పింది.

మా కాలనీ హాల్లో ఇలాంటి ఎనిమిది మంది పిల్లలకు వారానికి రెండు తరగతులు పెట్టాలనుకుంటున్నాం. ఎలా నడపాలి?

మంచి పని. ఒంటరిగా మూడు వారాల్లో మానేసే పిల్లలు తోటివాళ్లుంటే నిలబడతారు.

హాల్లో చుట్టూ ఆరు చోట్లు పెట్టండి: కుర్చీలోంచి లేవడం, 10 సెంటీమీటర్ల పీట ఎక్కి దిగడం, గోడ పట్టుకుని మడమలు లేపడం, రబ్బరు బ్యాండు లాగడం, బంతి విసిరి పట్టడం, సైకిలు లేదా చేతులతో తిప్పే పెడలు. రెండు నిమిషాలు పని, ఒక నిమిషం మార్పు. నడిచి చోటు మారడానికి నిమిషం చాలని పిల్లలుంటారు, వాళ్ల కోసం అందరినీ ఆపండి, తొందరపెట్టకండి.

ప్రతి చోటా మూడు స్థాయులు ఉండాలి. పీట దగ్గర ఒకరు కడ్డీ పట్టుకుని ఎక్కుతారు, ఒకరు పట్టుకోకుండా, ఒకరు బరువుతో. అప్పుడే 'నువ్వు కూర్చో' అనే మాట ఎవరికీ రాదు. చక్రాల కుర్చీలో ఉన్న పిల్లవాడికి ఆ రెండు నిమిషాల్లో చేతులతో ఒంటిని సీటు మీంచి లేపే పని ఇవ్వండి. అయితే భుజాలు రోజంతా చక్రాలు తోస్తాయి కాబట్టి లాగే వ్యాయామాలు ఎక్కువ, నెట్టేవి తక్కువ ఉంచండి.

కొత్త తరగతుల్లో కనిపించే పెద్ద పొరపాటు, పిల్లల్ని నిలబెట్టి మాట్లాడడం. నిలబడడమే వాళ్లకు శ్రమ. ప్రతి చోటా కుర్చీ వేసి, కూర్చోబెట్టి చెప్పండి. నేల మీద నీళ్లు, వైర్లు, మడతపడే చాపలు ఉండకూడదు. వాకర్ తిరగడానికి మీటరున్నర దారి వదలండి. చేసిన సార్లు, బరువు పిల్లలే తమ కార్డులో రాసుకోవాలి. మూర్ఛ ఉన్నవారెవరో, ఏం చేయాలో తల్లిదండ్రుల్ని ముందే అడిగి పెట్టుకోండి.

తరగతి అయ్యాక స్ప్లింట్లు విప్పి చర్మం చూడండి. ఎర్రటి గుర్తు అరగంటలో పోకపోతే అక్కడ ఒరుసుకుంటున్నట్టే, స్ప్లింటు సరిచేయించాలి. స్పైనా బిఫిడా (పుట్టుకతోనే వెన్నెముక పూర్తిగా మూసుకోని లోపం) ఉన్న పిల్లలకు పాదాల్లో స్పర్శ ఉండకపోవచ్చు, నొప్పి అని వాళ్లు చెప్పరు. వాళ్లలో చాలామందికి లేటెక్స్ (సహజ రబ్బరు) అలర్జీ కూడా ఉంటుంది, అందుకని బ్యాండ్లు, బంతులు లేటెక్స్ లేనివే కొనండి.

మా బాబుకి డుషేన్ కండర క్షీణత (కండరాలు క్రమంగా బలహీనపడిపోయే జన్యు జబ్బు). ఈ వ్యాయామాలు చేయించవచ్చా?

పైన చెప్పిన బరువులు, మెట్లు దిగడం, నెమ్మదిగా కుర్చీలోకి దిగడం వద్దు. సాగుతూ పనిచేసేటప్పుడు ఆ కండరాలు దెబ్బతింటాయి. ఈత, తేలిగ్గా తిరిగే సైకిలు లాంటివి అలసట రాకముందే ఆపుతూ, చికిత్స చేస్తున్న వైద్యుడి సలహాతో చేయించండి. మర్నాటికీ నొప్పి ఉంటే ఎక్కువైందన్నమాట. మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.