ప్రార్థన మనవి పక్కన ఒక పేరు రాయండి

నాయనా,

నీకూ అమ్మాయికీ ప్రభువు నామంలో ఆశీస్సులు.

విశాఖ మధురవాడలో మీ చుట్టుపక్కల ఉన్న పదిమంది కుర్రాళ్ళూ ఆడపిల్లలూ కలిసి వారానికోసారి ప్రార్థన పెట్టుకోవాలనుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. పాటలు పాడుకుని టీ తాగి వెళ్ళిపోయే కూడిక కాకుండా నలుగురికీ పనికొచ్చేదిగా ఉండాలని నీ ఆశట. ఎలా మొదలుపెట్టాలో అత్తని అడుగుతానన్నావట. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకని రాస్తున్నాను.

ముందుగా ఒక పెద్ద నోటు పుస్తకం కొను. ఎడమవైపు పేజీలో ప్రార్థన మనవులు రాయండి. కుడివైపు పేజీలో, సరిగ్గా ఆ మనవికి ఎదురుగా, ఆ వారం దాన్ని నెత్తిన వేసుకునే మనిషి పేరు రాయండి. మన సంఘాల్లో మనవులకి కొదవ లేదు. చీటీలు వస్తాయి, అయ్యగారు చదువుతారు, అందరం ఆమెన్ అంటాం, బెంచీ మీద నుంచి లేచేసరికి మర్చిపోతాం. మీ దగ్గర అలా జరగకూడదు. 'మా వాచ్‌మన్ భార్యకి తొమ్మిదో నెల, బీపీ ఎక్కువగా ఉందన్నారు' అని ఎవరైనా చెబితే, ఎదురు పేజీలో పేరు పడేదాకా తర్వాతి మనవికి వెళ్ళొద్దు. ఆ పేరు గల మనిషి ఆ వారంలో వాళ్ళింటికి వెళ్ళాలి. చెకప్‌కి ఎవరు తీసుకెళ్తున్నారో, రాత్రిపూట నొప్పులొస్తే 108కి ఫోన్ చేసేదెవరో కనుక్కోవాలి. మరుసటి వారం వచ్చి, ఏం చేశాడో అదే పేజీలో ఒక్క వాక్యం రాయాలి. దాని మీద మళ్ళీ ప్రార్థన చెయ్యండి.

కొన్నిటికి చెయ్యగలిగింది ఏమీ ఉండదు. కేన్సర్ ముదిరిపోయిన మనిషికి నువ్వేం చేస్తావు? అప్పుడు కూడా పేరు పడాలి. 'వెళ్ళి గంటసేపు పక్కన కూర్చుంటాను' అని రాయండి. ఆ గంటసేపట్లో ఆ ఇంటి ఇల్లాలు స్నానం చేసి, తల దువ్వుకుని, రెండు ముద్దలు తినగలిగితే అది చిన్న మేలు కాదు. ఇన్నేళ్ళు నర్సుగా పనిచేసినదాన్ని, నాకు తెలుసు.

ఇక ప్రార్థన సంగతి. గంట దాటనివ్వకండి. మీలో సగం మంది షిఫ్టులు చేసేవాళ్ళు, పొద్దుపోయాక ఇళ్ళకి చేరేవాళ్ళు. ఒక కీర్తన అందరూ కలిసి చదవండి. సువార్తలోంచి ఒక భాగం ఒకరు చదవాలి. తర్వాత అయిదు నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు. మనవాళ్ళకి మౌనం అలవాటు లేదు, రెండు నిమిషాలు కాగానే ఎవరో ఒకరు స్తోత్రం అని అందుకుంటారు. ఓపిగ్గా అలవాటు చెయ్యి. ఆ మౌనంలోనే, తప్పించుకుంటున్న పని మనసుకి తగులుతుంది. ఆ తర్వాత పుస్తకం తెరిచి మనవులు, చివర పరలోక ప్రార్థన. మైకు వద్దు, సౌండ్ బాక్సు అసలే వద్దు. పక్క ఫ్లాటులో పసిపిల్లలుంటారు, పరీక్షలకి చదువుకునేవాళ్ళుంటారు. ప్రార్థన చేసేవాళ్ళు దేవుడితో మాట్లాడాలి గానీ, ఆ వంకన పక్కవాడికి ప్రసంగం చెయ్యకూడదు.

మీలో బాప్టిస్టులున్నారు, ఆర్‌సీఎం (రోమన్ కేథలిక్) వాళ్ళున్నారు, పెంతెకోస్తు కుటుంబాల వాళ్ళూ ఉన్నారు. బాప్తిస్మం గురించి, అన్యభాషల్లో ప్రార్థించడం గురించి, మరియమ్మ గురించి వాదనలు ఆ గంటలోకి రానివ్వకు. ఆదివారం ఎవరి గుడికి వాళ్ళు వెళ్ళండి. మీరు ఆదివారం ఆరాధన పెట్టారా, అది ఇంకో చర్చి అయిపోతుంది, ఈ ఊరికి ఇంకో చర్చి కరువేం లేదు. మొదలుపెట్టకముందే మీ మీ అయ్యగార్లకీ ఫాదర్‌గారికీ వెళ్ళి చెప్పండి. చాటుగా మొదలైనదాని మీద అనుమానం పుడుతుంది, ఆ అనుమానం పోవడానికి ఏళ్ళు పడుతుంది.

పనికి ఒక చోటు ఎంచుకోండి. ఒక్కటే. మనవాళ్ళకి క్రిస్మస్‌కి దుప్పట్లు పంచడం, బేనరు కట్టడం, ఫొటో దిగడం బాగా అలవాటు. ఏడాదికోసారి వంద దుప్పట్లు పంచేకన్నా ఏడాది పొడుగునా అదే చోటికి అదే రోజు వెళ్ళడం మేలని నా గట్టి నమ్మకం. నన్నడిగితే కేజీహెచ్, అదే మన కింగ్ జార్జ్ ఆసుపత్రి, ఎంచుకోమంటాను. 1923 నుంచీ ఉన్న ఆసుపత్రి అది. శ్రీకాకుళం, విజయనగరం నుంచీ, పాడేరు, అరకు ఏజెన్సీ నుంచీ జనం అక్కడికే వస్తారు. ఉద్దానం నుంచి కిడ్నీ జబ్బుతో వచ్చేవాళ్ళున్నారు.

అక్కడ ఏం కావాలో నువ్వు ఊహించుకుని వెళ్ళకు, చూసి తెలుసుకో. అన్నం పొట్లాలు అనుకుంటావు. అన్నం పెట్టేవాళ్ళు ఎలాగోలా ఉంటారు. పాడేరు పైనుంచి వచ్చిన ఒక తండ్రిని తలచుకో. చేతిలో ఓపీ చీటీ ఉంటుంది, దాని మీద ఏముందో చదవలేడు. ఇంట్లో మాట్లాడేది కువి భాషో ఆదివాసీ ఒరియానో, మన టౌను తెలుగు గబగబా చెబితే అర్థం కాదు. రక్తపరీక్ష ఒక చోట, స్కానింగ్ ఇంకో చోట, రిపోర్టు మరో కిటికీ దగ్గర. ఎత్తుపల్లాల ఆవరణ, ఎక్కడ చూసినా జనం. అతను ఎవర్నీ అడగడానికి మొహమాటపడి గోడవారన నిలబడిపోతాడు. అతనికి కావలసింది పక్కన నడిచే మనిషి. చీటీ చదివి, లైన్లో నిలబెట్టి, ఎన్టీఆర్ వైద్య సేవ (మునుపటి ఆరోగ్యశ్రీ) కౌంటర్ దగ్గర కార్డు చూపించి, 'రిపోర్టు రేపు పదింటికి వస్తుంది, ఇక్కడికే రా' అని మెల్లగా రెండుసార్లు చెప్పే మనిషి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే మీకు ఇది పెద్ద పని కాదు, అతనికి మాత్రం ఒక రోజు కూలీ మిగులుతుంది, ఒక రాత్రి వరండాలో పడుకోవడం తప్పుతుంది.

రెండో పని రక్తం. మీ పుస్తకం ఆఖరి పేజీలో అందరి బ్లడ్ గ్రూపులూ, చివరిసారి ఇచ్చిన తేదీలూ రాసి పెట్టుకోండి. మగవాళ్ళు మూడు నెలలకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. 18 ఏళ్ళు నిండాలి, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మన ఆడపిల్లల్లో చాలామందికి ఆ 12.5 ఉండదు, ముందు వాళ్ళ ఆరోగ్యం చూసుకోమను. ఉత్సాహం కొద్దీ అందరూ ఒకే రోజు ఇచ్చేయకండి. ఆ తర్వాత మూడు నెలల దాకా అర్ధరాత్రి ఫోన్ వస్తే ఇవ్వడానికి ఒక్కరూ మిగలరు. వంతులు వేసుకోండి.

మంచం పక్కన మత ప్రచారం చెయ్యొద్దు. ఇది నేను గట్టిగా చెబుతున్నాను. నొప్పితో పడున్న మనిషి కాదనలేడు, ఆ నిస్సహాయతని వాడుకోవడం ప్రభువుకి ఇష్టమైన పని కాదు. అతను ఏ దేవుడికి మొక్కుకుంటున్నాడో అడగొద్దు. ప్రార్థన చెయ్యమని అతనే అడిగితే చెయ్యి, అడక్కపోతే మంచినీళ్ళ సీసా నింపి తెచ్చిపెట్టు. ఫొటోలు తియ్యొద్దు.

ఎప్పుడో చదివిన ఒక సంగతి చెబుతాను, నీకు పనికొస్తుంది. స్కాట్లాండులో అయోనా అని చిన్న దీవి. గ్లాస్గోలో గోవన్ అనే కార్మికుల పేటలో పాదిరిగా ఉన్న జార్జ్ మెక్‌లౌడ్, 1938లో పనుల్లేని తాపీమేస్త్రీలనీ వడ్రంగులనీ, పాదిరి చదువు చదివే కుర్రాళ్ళనీ ఆ దీవికి తీసుకెళ్ళి, పాడుబడ్డ మఠం కట్టడాలని తిరిగి కట్టించడం మొదలుపెట్టాడు. పొద్దున ప్రార్థన, పగలంతా రాయి మోత, సాయంత్రం మళ్ళీ ప్రార్థన. అలా పుట్టిన అయోనా సమాజం ఇప్పటికీ ఉంది. సభ్యులు చాలామంది దీవి మీద ఉండరు, ఎవరి ఊళ్ళో వాళ్ళు ఉద్యోగాలు చేసుకుంటూ ఒక నియమానికి కట్టుబడి ఉంటారు. రోజూ ప్రార్థన, వాక్యం చదవడం, న్యాయం కోసం, శాంతి కోసం పనిచెయ్యడం, అన్నిటికీ మించి డబ్బూ సమయమూ ఎలా ఖర్చుపెట్టారో ఒకరికొకరు లెక్క చెప్పుకోవడం. ప్రార్థన కలిసి చేసుకునేవాళ్ళు బోలెడంతమంది. జీతం ఎటుపోయిందో ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు ఎంతమంది? మీలో ముగ్గురేసి చొప్పున నెలకోసారి కూర్చుని, ఆ నెలలో ఎంత ఇచ్చాం, ఎన్ని సాయంత్రాలు ఇతరుల కోసం వెచ్చించాం అని చెప్పుకోండి. మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది. దాని వల్లే మీరు ఒక సంఘంగా కుదురుకుంటారు.

డబ్బు దగ్గర జాగ్రత్త. ఒకరి ఫోన్‌పే నంబరుకి అందరూ పంపడం మొదటి వారం నుంచీ వద్దు, ఆ మనిషి ఎంత నిజాయితీపరుడైనా సరే. బ్యాంకులో ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు వచ్చేలా ఉమ్మడి ఖాతా తెరవండి. నెలాఖరు కూడికలో జమా ఖర్చులు పైకి చదవండి. పని పెరిగి పెద్ద మొత్తాలు వస్తే 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరు చేయించుకోండి. అమెరికాలో ఉన్న మీ ఫ్రెండ్స్ పంపుతామంటారు. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే చిక్కు లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళ డబ్బు విదేశీ విరాళం కిందికి వస్తుంది, ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా రూపాయి కూడా ముట్టొద్దు.

ఈ ఊళ్ళో ఆపద చెప్పి రాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి, పాల ప్యాకెట్ కోసం, నీళ్ళ కోసం జనం తిరిగారు. 2020 మే 7న వెంకటాపురంలో గ్యాస్ లీకైంది తెల్లవారుజామున, జనం నిద్రలో ఉండగా. అలాంటప్పుడు తలుపు తట్టి లేపే మనిషి కావాలి. అందుకని మీ అపార్టుమెంట్లలోనూ వెనక పాకల్లోనూ ఒంటరిగా ఉండే ముసలివాళ్ళెవరు, మంచం దిగలేనివాళ్ళెవరు, డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళెవరు అన్నది కాగితం మీద రాసి ఉంచండి. ఫోన్లో ఉంటే ఛార్జింగ్‌తోపాటే పోతుంది. ఫోన్లు పనిచెయ్యకపోతే ఎక్కడ కలుసుకోవాలో కూడా ముందే అనుకోండి.

మీ కూడికలో విన్నది బయటికి పోకూడదు. మనవులు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఒక పిల్ల డిప్రెషన్‌కి మందులు వాడుతోందని ప్రార్థన చెయ్యమంటుంది, ఆ సంగతి పెళ్ళి సంబంధాల దాకా పాకుతుంది. అలా ఒక్కసారి జరిగితే ఇక ఎవరూ నోరు విప్పరు, మీ పుస్తకంలో జ్వరాలూ ఇంటర్వ్యూలూ తప్ప ఏమీ మిగలవు.

నడిపించేది నువ్వే అని అనుకోకు. నెలకొకరు. ఆడపిల్లలకీ వంతు రావాలి. అపొస్తలుల రోజుల్లోనే, పంపిణీలో తమ విధవరాళ్ళని చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు మాట్లాడేవాళ్ళు సణుగుకున్నప్పుడు అపొస్తలులు ఏం చేశారు? పని ఏడుగురికి అప్పజెప్పారు. మన విశాఖపట్నానికే 1805లో లండన్ మిషన్ నుంచి క్రాన్, డెగ్రాంజెస్ అని ఇద్దరు వచ్చారు. 1810 దాటకముందే ఇద్దరూ చనిపోయారు. అయినా వాళ్ళు మొదలుపెట్టిన తెలుగు సువార్తల పని ఆగలేదు. అనువాదంలో వాళ్ళకి ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు తోడున్నాడు. 1812లో మూడు సువార్తలు సెరాంపూర్‌లో అచ్చయ్యాయి. నీకు బెంగళూరు ట్రాన్స్‌ఫర్ వస్తే ఆ వారం కూడిక ఎవరు పెడతారో ఇప్పుడే తెలిసుండాలి.

కేజీహెచ్ విషయం నాతో పనిచేసిన ఒక సిస్టర్‌తో మాట్లాడాను. ముందుగా అనుమతి అడిగాకే లోపల తిరగాలి, ఎవర్ని అడగాలో ఆమె చెబుతుంది. మొదటిసారి ఇద్దరే రండి, సోమవారం మాత్రం వద్దు, ఓపీ కిటకిటలాడుతుంది. బుధవారం ఎనిమిదింటికల్లా వస్తే నేను కూడా వస్తాను. సెలవు దొరుకుతుందో లేదో రాత్రికి ఫోన్ చేసి చెప్పు.

మీ అత్త