యాట్ క్లబ్బులో మెంబరు కాకపోయినా రానిస్తారా?

మీరు అడిగినవి రెండు. హుస్సేన్‌సాగర్‌లో డింగీ, అంటే చిన్న తెరచాప పడవ, నడపడం నేర్చుకున్నారు, ఉద్యోగం మీద ఏడాదిపాటు సింగపూర్ వెళ్తున్నారు, మెంబర్‌షిప్‌కే లక్షలవుతాయని విన్నారు, అక్కడి యాట్ క్లబ్బులు, అంటే తెరచాప పడవల వాళ్ళ క్లబ్బులు, మెంబర్లు కానివాళ్ళని రానిస్తాయా అన్నది మొదటిది. సొంత పడవలో ఆసియా అంతా తిరుగుతున్న మీ స్నేహితులు ఇద్దరు వైజాగ్ వస్తామంటున్నారు, ఇక్కడ వాళ్ళకి ఎలాంటి ఆదరణ ఉంటుందన్నది రెండోది. మొదటిదానికి ధైర్యంగా చెప్తాను, రానిస్తారు. రెండోదానికి జవాబు చెప్పాలంటే విశాఖ వాడిగా నాకు కొంచెం బాధగానే ఉంది.

నేను మర్చంట్ నేవీలో ఇంజినీరుగా చేశాను. ఓడ ఏ రేవులో ఆగినా, డ్యూటీ లేని సాయంత్రం దొరికితే చాలు, తెరచాప పడవలు ఎక్కడున్నాయా అని వెతుక్కుంటూ పోయేవాణ్ణి. మొదట్లో ఒక పెద్ద క్లబ్బుకి, దాని పేరు ఇక్కడ వద్దు, మెయిన్ గేటు నుంచి వెళ్ళాను. రిసెప్షన్‌లో ఉన్నావిడ మర్యాదగానే అడిగింది, "మీరు ఎవరి గెస్ట్?" అని. ఎవరి గెస్టునీ కాదు. అంతే, మాట అక్కడితో అయిపోయింది. ఆ తరవాత మా ఓడలోనే ఒక సీనియర్ చెప్పాడు, క్లబ్బుకి వెళ్ళాలంటే రేసు ఉన్న రోజు వెళ్ళు, జెట్టీ వైపు నుంచి వెళ్ళు అని.

ఇంకో దేశంలో, ఇంకో రేవులో అలాగే వెళ్ళాను. డెబ్బై దాటిన ఒక పెద్దావిడ తన పడవ డెక్కు మీద కూర్చుని తాళ్ళ చిక్కు విడదీస్తోంది. "ఇవాళ మనిషి ఎవరైనా కావాలా?" అన్నాను. నా పేరు అడగలేదు, దేశం అడగలేదు. "బరువెంత?" అంది. 78 కిలోలు అన్నాను. లోపలికి వంగి ఒక లైఫ్ జాకెట్ తీసి నా చేతిలో పెట్టింది.

ఆ ప్రశ్నకి కారణం ఉంది. గాలి గట్టిగా వీచినప్పుడు పడవ ఒక పక్కకి ఒరిగిపోతుంది. ఒరిగేకొద్దీ వేగం తగ్గుతుంది, చుక్కాని బరువెక్కుతుంది. గాలి వచ్చే వైపు అంచు మీద నలుగురైదుగురు కాళ్ళు బయటకి వేలాడేసి కూర్చుంటే అది మళ్ళీ నిటారుగా నిలబడుతుంది. ఆ సాయంత్రం నా పని అదే. పడవ దిశ మార్చిన ప్రతిసారీ బూమ్, అంటే తెరచాప అడుగున అడ్డంగా ఉండే దూలం, తగలకుండా తల వంచి, డెక్కు మీదుగా పాకి, అవతలి అంచుకి చేరాలి. నేను ఒక్క క్షణం ఆలస్యమైతే పక్కనున్న కుర్రాడు నా జాకెట్ పట్టీ పట్టుకుని లాగేసేవాడు. రేసు అయ్యేసరికి అందరికీ నా పేరు తెలుసు. తిరిగొచ్చాక ఆ క్లబ్బులో, మొదట నన్ను ఆపిన రిసెప్షన్ లాంటి బల్ల ముందు నుంచే, ఆవిడ గెస్టుగా లోపలికి నడిచాను.

పెళ్ళివారింట్లో వడ్డనకి గరిటె పట్టినవాణ్ణి ఎవరి తరఫు అని ఎవరూ అడగరు కదా, ఇదీ అంతే. 35 అడుగుల కీల్‌బోటు, అంటే అడుగున బరువైన రెక్క ఉండే పెద్ద తెరచాప పడవ, రేసులో దిగాలంటే ఆరేడుగురు కావాలి. వారం మధ్యలో సాయంత్రం రేసు అంటే ఎవరికో ఒకరికి ఆఫీసు పని తగులుతుంది, ఎవరికో ఒంట్లో బాగుండదు. పడవ యజమానికి ఆ రోజు మనిషి కరువు. అందుకే చాలా క్లబ్బుల్లో క్రూ, అంటే పడవలో పనిచేసే మనుషులు, కావాలని, క్రూగా వస్తామని పేర్లు రాసుకునే బోర్డు గానీ జాబితా గానీ ఉంటుంది. నా అనుభవంలో యాట్ క్లబ్బుల ఆదరణ అంతా ఈ దారినే వస్తుంది. భోజనశాల వైపు నుంచి చూస్తే అవి మూసిన తలుపుల్లాగే కనిపిస్తాయి, అందుకే మీరు విన్న లక్షల మెంబర్‌షిప్ కథలు కూడా అబద్ధం కాదు.

సింగపూర్‌లో పాత క్లబ్బులు ఉన్నాయి. రిపబ్లిక్ ఆఫ్ సింగపూర్ యాట్ క్లబ్ 1826 నాటిది. తూర్పు చివర చాంగీ సెయిలింగ్ క్లబ్ ఉంది, మీలాగా డింగీలు నడిపేవాళ్ళు మొదట చూడవలసింది అదే అని నా సలహా. రేసులు ఏ రోజుల్లో ఉంటాయో వెళ్ళకముందే సెయిలింగ్ ఆఫీసుకి మెయిల్ రాసి కనుక్కోండి. ఆ మెయిల్‌లో గొప్పలేం అక్కర్లేదు. మీ బరువు, ఈత వచ్చో రాదో, ఇంతవరకు ఏ పడవలు నడిపారో, ఏ సాయంత్రాలు ఖాళీయో రాయండి. కీల్‌బోటు ఎక్కలేదని కూడా రాసేయండి. డింగీలో నేర్చుకున్నవాళ్ళకి గాలి మారడం ఒంటికి తెలుస్తుంది, పెద్ద పడవల వాళ్ళు దానికి విలువ ఇస్తారు.

బూట్ల విషయం మాత్రం మర్చిపోకండి. డెక్కు మీద మరక పడని మెత్తటి అడుగు ఉన్నవే వేసుకోవాలి. నల్ల రబ్బరు అడుగు గీత పడితే యజమాని ఏమీ అనకపోవచ్చు గానీ మళ్ళీ పిలవడు. తెరచాప మీద కాలు పెట్టకూడదు. విన్చ్, అంటే తాళ్ళు బిగించే తిరిగే డ్రమ్ము, మీద తాడు సవ్యదిశలో చుట్టుకోవాలి, బిగిసిన తాడు వదిలేటప్పుడు వేళ్ళు దూరంగా ఉండాలి. బోలైన్ ముడి, అంటే జారిపోని ఉచ్చు ముడి, కళ్ళు మూసుకుని వేయగలిగితే మంచిది. తెలియని పని చెప్తే తెలియదని అప్పుడే చెప్పండి, నడి రేసులో ఊహించి చేయవద్దు.

రేసు అయ్యాక వెంటనే వెళ్ళిపోకండి. తెరచాపలు మడతపెట్టాలి, ఉప్పు పోయేలా మంచినీళ్ళతో డెక్కు కడగాలి. ఆ అరగంటలో జరిగే మాటల్లోనే వచ్చే వారానికి పిలుపు వస్తుంది. తరవాత బార్‌కి రమ్మంటారు. నేను తాగను, ఎక్కడా ఎవరూ బలవంతం చేయలేదు, నిమ్మసోడాతో గంటలు గంటలు కూర్చున్నాను. అక్కడ ఒక సంగతి. చాలా క్లబ్బుల్లో బయటివాళ్ళ దగ్గర డబ్బు తీసుకోరు, మెంబరు ఖాతాలో రాస్తారు. అంటే మీరు తిన్నదీ తాగినదీ మిమ్మల్ని తీసుకెళ్ళినవాళ్ళ బిల్లులో పడుతుంది. ఎలా ఇవ్వాలో వాళ్ళనే ముందు అడగండి, వద్దంటే మరుసటి వారం పడవలోకి అందరికీ తినడానికి ఏదైనా పట్టుకెళ్ళండి. నేను మా ఇంటి జంతికలు తీసుకెళ్ళేవాణ్ణి. తడి చేతులతో తినడానికి వాటిని మించినవి లేవు.

మీరు నేర్చుకున్న క్లబ్బులో మీకు సభ్యత్వం ఉంటే, కార్యదర్శి దగ్గర ఒక పరిచయ లేఖ తీసుకోండి. ఒకరి మెంబర్లని ఇంకొకరు రానిచ్చేలా క్లబ్బుల మధ్య పరస్పర ఒప్పందాలు ఉంటాయి. ఒప్పందం లేకపోయినా ఆ కాగితానికి గౌరవం ఉంటుంది. మన దేశంలోనూ పనికొస్తుంది. గేట్‌వే ఆఫ్ ఇండియా ఎదురుగా ఉన్న రాయల్ బాంబే యాట్ క్లబ్, 1846లో పెట్టినది, మెంబర్ల ద్వారా గానీ ఒప్పందం ఉన్న క్లబ్బుల ద్వారా గానీ వెళ్ళే చోటు. చెన్నైలో 1911 నాటి రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ పోర్టు ఆవరణలో ఉంది కాబట్టి ముందే మాట్లాడుకోకుండా బయల్దేరితే పోర్టు గేటు దగ్గరే ఆగిపోతారు.

ఇక మన ఊరి సంగతి.

వైజాగ్‌లో తెరచాప పడవలు లేవని కాదు. ఎక్కువగా నేవీ వాళ్ళవి, నేవీ ఆవరణలో ఉంటాయి. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న రేవు ఇది. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి లోపలికి వచ్చే దారిలో చిన్న పడవలు ఇష్టం వచ్చినట్టు తిరగడానికి ఒప్పుకోరు, దాన్ని నేను తప్పు పట్టను. 2023లో క్రూజ్ టెర్మినల్ వచ్చింది, అది పెద్ద ఓడల కోసం. ఫిషింగ్ హార్బర్‌లో మన మరబోట్లకే చోటు చాలదు. భార్యాభర్తలిద్దరూ నలభై అడుగుల పడవలో సముద్రం దాటి వస్తే తాడు కట్టుకోవడానికి ఒక తేలే జెట్టీ, ఒళ్ళు కడుక్కోవడానికి ఒక గది, పలకరించడానికి ఒక మనిషి, ఇవేవీ ఇక్కడ లేవు.

ఇది నాకు ఎందుకు పట్టిందో చెప్తాను. 2017 సెప్టెంబరులో ఆరుగురు నేవీ మహిళలు ఐఎన్ఎస్‌వీ తారిణి అనే నేవీ తెరచాప పడవ మీద గోవా నుంచి బయల్దేరి, భూమి చుట్టి 2018 మేలో తిరిగొచ్చారు. వాళ్ళలో లెఫ్టినెంట్ కమాండర్ స్వాతి మన విశాఖ అమ్మాయి. ఆ పడవ పొడవు 56 అడుగులు. ఫ్రీమాంటిల్, లిటిల్‌టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ రేవులు దానికి చోటిచ్చాయి. స్టీరింగ్ దెబ్బతింటే అనుకోకుండా మారిషస్‌లో పోర్ట్ లూయీ కూడా ఇచ్చింది. నడిసముద్రంలో ఏదైనా విరిగినప్పుడు, తెలియని ఊరు తాడు అందుకుంటుందన్న నమ్మకం మీదే ఎవరైనా బయల్దేరేది. మన పిల్లకి ఇన్ని ఊళ్ళు చేసిన పని, మన ఊరు ఇంకొకరి పిల్లలకి చేయగలగాలి. ఒక మూల నాలుగు పడవలు పట్టే జెట్టీ కోసం పోర్టునీ పర్యాటక శాఖనీ అడుగుతూ ఉండాలి. నేను అడుగుతున్నాను, మీరూ అడగండి.

అందాకా మీ స్నేహితులకి చెప్పవలసింది ఇది. పడవని కొచ్చికి తీసుకెళ్ళమనండి. బోల్గాట్టి దగ్గర మెరీనా ఉంది, ఇలాంటి ప్రయాణికులు ఆగే చోటు. వీసా ముందే తీసుకోవాలి, ఇ-వీసా అన్ని రేవుల్లోనూ చెల్లదు. రేవులోకి రాగానే పసుపు జెండా ఎగరేసి, ఆరోగ్య తనిఖీ, కస్టమ్స్, ఇమిగ్రేషన్ అయ్యేదాకా పడవ దిగకూడదు. ఆ పని ఏజెంటుని పెట్టుకుంటే తేలిక. అన్నిటికన్నా ముఖ్యం, శాటిలైట్ ఫోన్. టెలికాం శాఖ అనుమతి లేకుండా దాన్ని మన దేశంలో వాడటం నేరం, తెలియక తెచ్చుకుని అరెస్టయిన విదేశీయులు ఉన్నారు. సముద్రంలో తిరిగేవాళ్ళ దగ్గర ఆ ఫోన్ తప్పకుండా ఉంటుంది. కాబట్టి రాకముందే ఏజెంటుతో మాట్లాడుకుని అధికారులకి చెప్పేయాలి.

పడవని అక్కడ ఉంచి ఎర్నాకుళంలో రైలెక్కి విశాఖ రావచ్చు. ఇక్కడ క్లబ్బు లేకపోయినా భీమిలి దారిలో మంగమారిపేట అనే జాలరి పల్లె ఉంది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన నా స్నేహితుణ్ణి అక్కడికి తీసుకెళ్ళాను. ఒక జాలరి పెద్దాయన ఒడ్డున నిలబడి, పెద్ద కెరటాల వరస పోయేదాకా చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. వరస పోగానే చెయ్యి దించాడు, ఆరుగురు కలిసి ఒక్క ఊపున పడవ తోశారు. నా స్నేహితుడు వాళ్ళతో పాటే నడుంలోతు నీళ్ళలో తోశాడు. తిరిగొచ్చాక ఆయన ఇంట్లో చేపల పులుసుతో అన్నం పెట్టారు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మరబోట్లు ఒడ్డునే ఉంటాయి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. మీ స్నేహితుల్ని ఫిబ్రవరిలో రమ్మనండి, నేను మంగమారిపేటలో ముందుగా చెప్పి ఉంచుతాను. సింగపూర్ క్లబ్బుకి మెయిల్ రాశాక పంపేముందు ఇక్కడ పెట్టండి, ఒకసారి చూసి చెప్తాను.